నలభై కాగితాలు, ఒక బొటనవేలు

అవ్వ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నా చేతిలో మూత తీసిన కలం ఉంది. బల్లకు అవతల, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె థీసిస్ సమర్పించడానికి గైడుగా నేను పెట్టవలసిన సంతకం ఒక్కటే మిగిలింది. ఫోను చేసింది బోధన్ నుంచి అవ్వ కోడలు.

"అక్కా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, చాట ఒళ్లె పెట్టుకున్నది. నాలుగు బీడీలు చేసి గోడకు ఒరిగింది. కునుకు తీస్తున్నదనుకున్న."

నేను కలానికి మూత పెట్టాను. పది రోజులు ఆగి రమ్మని ఆ అమ్మాయిని పంపేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, దుఃఖం కంటే ముందు నాకు ఊరట కలిగింది. సంతకం వాయిదా వేయడానికి ఒక మర్యాద గల కారణం దొరికింది కదా అని. ఆ ఊరట ఎందుకో చెప్పాలంటే అవ్వ గురించి చెప్పాలి. అవ్వ గురించి నిజంగా చెప్పాలంటే, ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని నా సంగతి ఒకటి చెప్పాలి. అందుకని దీన్ని నివాళి అనవచ్చునో లేదో నాకే అనుమానం. చదివి మీరే తేల్చుకోండి.

మా వైపు తల్లినీ, తల్లి వయసున్న ఆడమనిషినీ అవ్వ అనే పిలుస్తాం. ఈమె నాకు చుట్టం కాదు. నేను బీడీలు చేసే స్త్రీల పని పరిస్థితుల మీద పరిశోధన మొదలుపెట్టిన ఏడాది, బోధన్‌లో నాకు గది అద్దెకిచ్చిన మనిషి. మాది నిజామాబాదే. రోజూ బస్సులో వచ్చిపోవచ్చు. కానీ బీడీలు చేసే ఆడవాళ్లు నోరు విప్పి మాట్లాడేది పనంతా చక్కబెట్టుకుని అరుగు మీద కూర్చున్నప్పుడు. అప్పటికి నేను బస్సుకోసం గడియారం చూసుకుంటూ ఉండేదాన్ని. అది గమనించిన ఒకామె, "సదువుకున్నోళ్లకు గడియారం జూస్తెనే ఆకలైతదట," అని పక్కామెతో అంది. ఆ మాట అన్నది అవ్వే. ఆ సాయంత్రమే, "ఊకె ఉరుకుతవేంది, మా ముందటర్ర ఖాళీగనే ఉన్నది. ఉండు," అంది.

రేకుల ఇల్లు. రెండు గదులు, ముందు అరుగు. అప్పటికి చక్కెర ఫ్యాక్టరీ నడుస్తోంది. సీజనులో అవ్వ పెనిమిటికి అందులో పని. గాలి ఇటు తిరిగితే ఇంటి నిండా చెరుకు మడ్డి వాసన. సైరన్‌ను బట్టి అవ్వ అన్నం పొయ్యి మీద పెట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒకసారి వెళితే, "సైరన్ బందయిన కాడికెల్లి అన్నం ఒకనాడు పలుకైతుంది, ఒకనాడు మెత్తగైతుంది," అని నవ్వింది. ఒక ఊరి ఫ్యాక్టరీ మూతపడడం గురించి నేను చాలా వ్యాసాలు చదివాను. ఏదీ ఆ అన్నమంత గుర్తులేదు.

అవ్వ చాయ్‌ని సాసర్‌లో పోసుకుని తాగేది. తునికాకును నానబెట్టి గోనెపట్టాలో చుట్టి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు గోడవార పెట్టేది. మిగతావాళ్లు ఆకు చుట్టేటప్పుడు బొటనవేలిని నాలుకకు అద్దుకునేవాళ్లు. అవ్వ అలా చేసేది కాదు; పక్కన చిప్పలో నీళ్లుండేవి. చుట్టిన బీడీకి దారం కట్టేటప్పుడు ఆ దారాన్ని కుడి బొటనవేలి మీదుగా లాగేది. ఏళ్ల తరబడి అలా లాగడంతో వేలి మెత్తన మీద అడ్డంగా ఒక గాటు పడింది. సన్నని, తిన్నని గాటు. "గిది ఇగ పోదు బిడ్డా. నేను పోతెనే పోతది," అనేది.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. ఆకు చిరిగినవో, వదులైనవో రోజూ కొన్ని ఉంటాయి. చాలామంది వాటిని కట్ట మధ్యలో, కట్టను బుట్ట అడుగున సర్దేవాళ్లు. అవ్వ చెడిపోయినవన్నీ ఏరి ఒకే కట్ట కట్టి బుట్టలో అన్నిటికంటే పైన పెట్టేది. కార్ఖానాలో తనిఖీ చేసే అతను మొదట చూసేది అదే. నేను నోట్‌బుక్ తెరిచి, ఎందుకలా అని అడిగాను. ఏదైనా గొప్ప మాట చెబుతుందని నా ఆశ.

"పైన వెడితే వాడు గవి ఇసిరేసి ఊకుంటడు. కింద దొరికితే అన్ని కట్టలు ఇప్పుతడు. మల్ల కట్టనీకి నీ అయ్య వస్తడా?"

అంతే. నోట్‌బుక్ మూసేశాను.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ఎవరి బీడీ వాళ్లది. మూతి మడతపెట్టే తీరులో, దారం ముడిలో తేడా ఉంటుంది. ఒకనాడు అవ్వకు జ్వరం వస్తే పక్కింటామె కొన్ని కట్టలు చేసి కలిపింది. తనిఖీ అతను బుట్టలో చేయి పెట్టి, చూడకుండానే, "గివి నీయి గావు గదనే అవ్వా," అన్నాడు. దారి పొడుగునా ఆమె నాతో, "సూసినవా? మనిషి దాగుతడు గని చెయ్యి దాగదు," అంటూ నడిచింది. ఆ మాటలో గర్వం ఉంది. వాడు పట్టుకున్నందుకు కాదు, తన చేయి తనదేనని వాడికి తెలిసినందుకు.

ఇదంతా చదివి ఆమెను సత్యవంతురాలని ఊహించుకుంటారేమో. చెరుకు ట్రాక్టరు ఇంటి ముందు నెమ్మదించిందంటే అవ్వ చాట పక్కన పెట్టి, కొంగు దోపుకుని, వెనకనుంచి ఒక గడ లాగేది. నాకు సగం విరిచి ఇచ్చేది. "గిది దొంగతనం గాదా అవ్వా?" అంటే, "డ్రైవర్ అద్దంల సూస్తుండు గదా. సూస్తుండంగ తీసుకుంటె దొంగతనమెట్లైతది?" అనేది. నిజంగానే డ్రైవరు అద్దంలోంచి చూసి, "అవ్వా, పండ్లూడుతయ్," అని అరిచి పోయేవాడు.

ఇప్పుడు నా సంగతి.

నేను మూడు వందలమంది స్త్రీలను కలిసి ప్రశ్నాపత్రాలు నింపాలి. ఒక్కొక్కరికి నాలుగు పేజీలు. చివరి పేజీ అడుగున "నా ఇష్టప్రకారం జవాబులు ఇచ్చాను" అని ఒక వాక్యం, దాని పక్కన సంతకమో వేలిముద్రో పెట్టడానికి ఒక గడి. రెండు వందల అరవై పూర్తయ్యాయి. మిగిలిన నలభై ఎడపల్లి వైపు ఒక వాడలో చేయాలి. నాలుగు రోజులు తిరిగాను. నలభై ఇళ్లవాళ్లూ ఒద్దన్నారు. కోపంగా కాదు. కొందరు మంచినీళ్లిచ్చి మరీ ఒద్దన్నారు. ఒకామె మాత్రం గడపలో నిలబడి, "పో బిడ్డా. నువ్వు కాయిదం మీద రాసుకపోతవ్. రేపు మా కార్డు బందైతది," అంది.

ఏ కార్డు, ఎందుకు బందవుతుంది అని నేను అడగలేదు. అడిగి ఉంటే తెలిసేది. బీడీ కంపెనీ ఇచ్చే కార్డు ఉంటేనే ఆ పని చేస్తున్నట్టు లెక్క. భవిష్యనిధి గానీ, తరువాత వచ్చిన పింఛను గానీ ఆ కార్డుకే. చాలా ఇళ్లలో కార్డు అత్త పేరు మీద ఉంటుంది, చేసేది కోడలు. అక్క పేరు మీద ఉంటుంది, చేసేది చెల్లెలు. ఆ వాడంతా అలాంటిదే. ఆ భయంతోనే ఒద్దన్నారు. అంటే, నా పరిశోధనకు అందరికంటే ముఖ్యమైనవాళ్లు వాళ్లే.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని అవ్వకు నా కష్టం చెప్పుకున్నాను. ఆమె ఆకు కత్తిరిస్తూ విన్నది.

"ఒద్దన్నరని రాయి."

"గట్ల రాయనీకి గడి లేదవ్వా."

"లేకుంటె గీసుకో. కలం నీ చేతులనే ఉన్నది గదా."

నాకు నవ్వొచ్చింది. ఆ తరువాత నేను పరిశోధనా పద్ధతులు బోధించే దాన్నయ్యాను. జవాబు ఇవ్వనివాళ్లను ఎలా లెక్కలోకి తీసుకోవాలో చెప్పే పాఠం ఏటా చెబుతాను. రెండు గంటల పాఠం. అందులో ఉన్నది ఆ రెండు మాటలే.

ఎస్టీడీ బూతు నుంచి మా గైడుకు ఫోను చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. "మూడు వందలని రాసిచ్చాం కదమ్మా. ఇప్పుడు తగ్గిస్తే మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాలి. నీ ఫెలోషిప్ నెలాఖరుకు అయిపోతుంది. ఎట్లనన్న పూర్తి చెయ్యి," అన్నారు. అబద్ధం రాయమని ఆయన అనలేదు. "ఎట్లనన్న" అన్నారు. ఆ మాటతో ఆయన నాకు దారి చూపారని అనలేను, చూపలేదనీ అనలేను.

మూడు మధ్యాహ్నాలు గదిలో కూర్చుని నలభై మంది ఆడవాళ్లను పుట్టించాను. పేర్లు పెట్టాను. వయసులు, పిల్లలు, నడుం నొప్పులు ఇచ్చాను. కలాలు మార్చాను. అక్షరాలను కాసేపు కుడికి, కాసేపు ఎడమకు వాల్చాను. అప్పటికే ఉన్న రెండు వందల అరవై జవాబులకు దగ్గరగా, ఎవరికీ అనుమానం రాకుండా సర్దాను. కార్డు ఎవరి పేరు మీద ఉంది అన్న ప్రశ్న దగ్గర "సొంత పేరు" అని నలభైసార్లు టిక్కు పెట్టాను.

చివరి గడి మిగిలింది. నలభై రకాల సంతకాలు నా వల్ల కాదు. స్టాంపు ప్యాడ్ తెరిచి నా బొటనవేలే పెట్టబోయాను. ఎప్పుడైనా ఎవరైనా పోల్చి చూస్తే అన్న భయం వేసింది. ఈ పని చేసేవాళ్లు తమ వేలు పెట్టరు.

"అవ్వా, జెర ఏలు వెట్టవా, కాయిదాలు తక్కువ పడ్డయ్," అన్నాను.

ఆమె చాట దించింది. కొంగుతో చేయి తుడుచుకుంది. "ఎవ్వలయి గివి?"

నేను స్టాంపు ప్యాడ్‌ను ఆమె వైపు జరిపాను.

"గా ఎడపల్లోళ్లయా?"

"వాళ్ల బదులు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అవి నిజం కన్నీళ్లేనా, ఆమె కాదనకుండా ఉండడానికి వచ్చినవా అని ఇప్పటికీ అనుకుంటాను.

"ఇటు తే," అంది. "నాకు అలవాటే."

ఆ మాట నాకు వినపడింది. దాని అర్థం ఏమిటని ఆలోచించలేదు.

మొదటి కాగితం ముందు పెట్టాను. ఆమె వేలు సిరాలో అద్ది, గాలిలోనే ఆపింది. "గీమె పేరేంది?"

"పేరెందుకవ్వా?"

"పేరు దెల్వకుంట ఏలెట్ల వెట్టాలె? సదువు."

నేను పుట్టించిన పేరు చదివాను. ఆమె ఆ పేరును తాను ఒకసారి అని, వేలు పెట్టింది. రెండో కాగితం. మళ్లీ అడిగింది. చదివాను. పదిహేనో కాగితాన్ని పేరు చదవకుండానే ఆమె ముందుకు జరిపాను. ఆమె ఆగింది. నన్ను తిట్టలేదు, తొందరపెట్టలేదు, వేలు గాలిలో పెట్టుకుని కూర్చుంది. చదివాను. నలభై మందినీ చదివాను. నలభై మంది పేర్లూ ఆమె నోటివెంట వచ్చాయి, లేని మనుషులను కూడా మర్యాదగా పిలిచినట్టు.

సిరా అంత తొందరగా పోలేదు. బూడిదతో తోముకుంది. కిరసనాయిలుతో రుద్దుకుంది. అయినా ఆ సాయంత్రం చేసిన బీడీల మూతుల మీద తడి ఆకులోకి నీలం దిగింది. మర్నాడు కార్ఖానాకు ఆమెతో నేనూ వెళ్లాను. నీలం పడ్డ కట్టలన్నీ బుట్టలో పైనే ఉన్నాయి.

తనిఖీ అతను ఒక కట్ట ఎత్తి చూసి, వెనకున్న ఆడవాళ్లకు వినపడేట్టు, "ఏంది అవ్వా, తంబాకుల నీలిమందు కలిపినవా? గీ కంపెనీ బీడీ తాగితె పండ్లు తెల్లగైతయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"పైన్నే వెట్టిన గదా. ఇసిరెయ్."

"ఎన్నడు లేంది నీ చెయ్యి గిట్లెందుకైంది?"

"ముసలిదైతుంది చెయ్యి," అంది అవ్వ.

అతను ఆ కట్టలను ఒక్కొక్కటే రెండు చేతులతో నలిపి పక్కనున్న డబ్బాలో వేశాడు. ఒద్దన్న బీడీలను ఎవరూ మళ్లీ వాడుకోకుండా అలాగే నలుపుతారు. ఆమె వెనకాలే, మూరెడు దూరంలో, నోట్‌బుక్ పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. ఆ సిరా నాది అని ఒక్క మాట అనలేదు. ఆమె చేతి ఇజ్జత్ ఆ రోజు నలుగురిలో నలిగింది. ఆ ఏడాది నేను చేసిన తప్పుల్లో నలభై కాగితాలు ఒకటి. ఆ మౌనం రెండోది. ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

డిగ్రీ వచ్చింది. మౌఖిక పరీక్ష రోజున మూడు వందల కాగితాల కట్ట బల్ల మీద ఉంది. అసలైనవి పైన, ఆ నలభై అడుగున. పరీక్షాధికారి పైనున్న నాలుగు తిప్పి చూసి, "క్షేత్ర పని శ్రద్ధగా చేశావమ్మా," అన్నారు. ఎవరూ కట్ట విప్పలేదు. "బీడీలు చేసే స్త్రీలలో అత్యధికులకు కార్డు సొంత పేరు మీదే ఉంది" అని నా థీసిస్‌లో ఒక వాక్యం ఉంది. తరువాత ఒకరిద్దరు ఆ వాక్యాన్ని తమ వ్యాసాల్లో వాడుకున్నారు. ఒక సభలో ఒకాయన వేదిక మీద నుంచే దాన్ని చదివాడు. నేను మూడో వరసలో కూర్చుని, అందరితోపాటు తల ఊపాను.

అట్టవేసిన థీసిస్‌ను, ఒక పెట్టె మిఠాయిని తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. చేతులు కడుక్కుని వచ్చి పేజీలు తిప్పింది. చదవడం రాదు. అక్షరాల మీద వేలు రాస్తూ, "నీ నలుభై మంది గిండ్లనే ఉన్నరా?" అని అడిగింది.

"ఉన్నరవ్వా."

"మంచిగున్నరా?"

"మంచిగున్నరు."

ఆ తరువాత ఎప్పుడు వెళ్లినా అదే ప్రశ్న. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్లినప్పుడూ అంతే, నా పెళ్లికి పిలవడానికి వెళ్లినప్పుడూ అంతే. పెళ్లయ్యాక మా ఆయన్ను తీసుకెళితే, ఆయన ఎదుటే అడిగింది: "ఏం బిడ్డా, నీ నలుభై మంది మంచిగున్నరా?" ఆయన, నా విద్యార్థుల గురించి అనుకున్నాడు. అది పరాచికమో, ఎత్తిపొడుపో, నిజంగానే ఆ పేర్ల మీద ఆమెకు ఏర్పడిన మమకారమో నాకు తెలియదు. ఆ ప్రశ్నకు జడిసే నా రాకపోకలు తగ్గాయి. నిజామాబాద్ నుంచి బోధన్ ఎంత దూరం? గంట కూడా పట్టదు. చివరిసారి వెళ్లి రెండేళ్లయింది.

పదో దినం నాడు వెళ్లాను. వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లాక కోడలు, నేను అరుగు మీద కూర్చున్నాం. ఆమె కూడా బీడీలే చేస్తుంది. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, అవ్వకు బీడీల పింఛను వచ్చేదా అని అడిగాను.

"యాడిదక్కా?" అంది. "రేషన్ బియ్యానికే తిప్పలైతుండె. మిషిన్ మీద ఆమె ఏలు పడకపోయేది. గీతలన్నీ అరిగిపోయినయ్. కంటి మిషిన్ తెచ్చి ఇచ్చెటోళ్లు."

"అది సరే. పింఛను?"

"ఆమె పేరు మీద కార్డే లేదు గదక్కా. మా పెద్దత్త పేరు మీద చేసింది, చేసినన్ని రోజులు. ఏడ సంతకమన్నా గా పేరు మీదనే ఏలు వెట్టేది. నీకు ఎర్క లేదా? ఏడాది ఉన్నవు గద ఇంట్ల."

పెద్దత్త అంటే అవ్వకు తోటికోడలు. ఎప్పుడో చనిపోయింది. అయినా అవ్వ తాను బతికున్నన్నాళ్లూ చేసిన బీడీలన్నీ ఆ తోటికోడలి లెక్కలోనే పడ్డాయి.

నాకు ఎరుక లేదు. ఏడాది పాటు ఆ ఇంట్లో తిన్నాను, పడుకున్నాను. నా ప్రశ్నాపత్రంలోని ఒక్క ప్రశ్న కూడా ఆమెను అడగలేదు. సన్నిహితులను నమూనాలో చేర్చకూడదని పుస్తకంలో చదివిన నియమం అడ్డుపెట్టుకున్నాను. నేను ఆ ఏడాది పాటించిన నియమం బహుశా అదొక్కటే. ఎడపల్లిలో ఒద్దన్న నలభై మందిలాంటి మనిషి ప్రతి పొద్దూ నాకు సాసర్‌లో చాయ్ పోసిచ్చింది. ఇంకొకరి పేరు మీద వేలు పెట్టడం నాకు అలవాటే అని నోటితో చెప్పింది కూడా. పరిశోధన చేస్తున్నది నేను. ఆ మాటను వినిపించుకోనిదీ నేనే.

మర్నాడు, సంతకం కోసం పది రోజులు ఆగమన్న ఆ అమ్మాయి వచ్చింది. ఆమెది బాల్కొండ వైపు పసుపు రైతుల మీద పరిశోధన. మూడు వారాల క్రితమే ఆమె ప్రశ్నాపత్రాలు తిప్పుతున్నప్పుడు ఒక అరవై డెబ్భై దగ్గర నా చేయి ఆగింది. ఆ పత్రాల్లో ఏ రైతూ "తెలియదు" అనలేదు. ఎవరూ విసుక్కోలేదు. టిక్కులన్నీ ఒకే వాలుగా ఉన్నాయి. బుట్టలో చేయి పెట్టి చూడకుండా చెప్పిన ఆ తనిఖీ అతనిలా నాకూ తెలిసిపోయింది. తెలిసీ మూడు వారాలు ఊరుకున్నాను. అడిగే అర్హత నాకుందా అన్న అనుమానం ఒకటి. ఊరుకోవడానికి వీలిచ్చే ఆ అనుమానం ఎంతో హాయిగా కూడా ఉంది.

"ఇవి నువ్వే రాసినవా?" అని అడిగాను.

ఆమె తలవంచుకుంది. "మూడు ఊర్లల్ల రానియ్యలేదు మేడం. పెట్టుబడి సంగతి అడిగితే లేచి పోయిండ్రు," అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన మేడం. పోయిన ఎండకాలంల ఫోన్ చేసిన. ఎట్లనన్న పూర్తి చెయ్యి అన్నరు మీరు."

నాకు గుర్తులేదు. కానీ ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట నాదే. మా గైడు దగ్గర తీసుకున్నదాన్ని అలాగే ఆమెకు ఇచ్చాను.

ఇంటి నుంచి తెచ్చిన నా పాత ప్రశ్నాపత్రాల కట్టను బల్ల మీద పెట్టి విప్పాను. అడుగు నుంచి ఆ నలభై తీసి ఆమె ముందు పరిచాను. అంత పాత కాగితాల మీద కూడా నీలం పోలేదు. ఆమె ఒకటి చూసింది, రెండు చూసింది. మూడోది తీయకముందే, "గివన్నీ ఒక్కరియే గదా మేడం," అంది. ప్రతి ముద్రలోనూ అడ్డంగా సన్నని తెల్లగీత ఉంది. దారం కోసిన గాటు. ఇరవై ఏళ్లలో ఎవరూ చూడనిది ఒక చదువుకునే పిల్ల అర నిమిషంలో చూసింది.

ఎవరివో చెప్పాను. ఎందుకు పెట్టిందో కూడా. ఆమె ఏడ్చింది, నేను ఏడవలేదు. ఇద్దరం చెరొక పని చెప్పుకున్నాం. రానియ్యని మూడు ఊర్లకు ఆమె మళ్లీ వెళ్తుంది. అప్పటికీ ఒద్దంటే ఒద్దన్నారని రాస్తుంది. ఆమెకు కావలసిన గడువు కోసం కమిటీ ముందుకు నేను వెళ్తాను, ఆ మాట అన్నది నేనేనని చెబుతాను. నాకు డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. మీరు ఇది చదివేసరికి అది చేరి ఉంటుంది. డిగ్రీ ఉంటుందో పోతుందో, దాని మీద నిలబడ్డ ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఇంట్లో మా ఆయన, "ఇన్నేళ్లకు ఎవరడిగారని?" అన్నాడు. అడిగిన మనిషి ఒకామె ఉండేదని, వెళ్లినప్పుడల్లా అడిగిందని చెప్పాను.

ఇక్కడ అవ్వ పేరు రాయలేదు. ఉత్తరంలో రాశాను. అది ఉండవలసిన చోటు అదే.

ఆ పాత కట్టలో వాడని ప్రశ్నాపత్రం ఒకటి మిగిలి ఉంది, పసుపుబారిపోయి. నిన్న దాన్ని ముందు పెట్టుకుని పెన్సిలుతో నింపడం మొదలుపెట్టాను. పేరు దగ్గర ఆమె పేరు. కార్డు ఎవరి పేరు మీద ఉంది అన్న చోట, "తోటికోడలి పేరు మీద, చెప్పినది కోడలు." ఎన్నో ఏట బీడీలు చేయడం మొదలుపెట్టారు: తెలియదు. ఎవరు నేర్పారు: తెలియదు. కంటి ఇబ్బంది ఉందా: తెలియదు. మరో పని చేయాలని ఎప్పుడైనా అనుకున్నారా: తెలియదు. నాలుగు పేజీలూ చాలామట్టుకు అలాగే నిండాయి. ఇది కూడా ఆమెను అడగకుండా రాసిందేనని తెలుసు. అందుకే పెన్సిలు.

దాన్ని ఆ నలభైకి పైన, ఆ నలభైని మిగతా వాటికి పైన పెట్టి దారంతో కట్టాను. అన్నిటికంటే పైనున్న ఆ కాగితం చివరి పేజీలో, "నా ఇష్టప్రకారం జవాబులు ఇచ్చాను" అన్న వాక్యం పక్కన, బొటనవేలు పట్టేంత గడి ఖాళీగా ఉంది.